బొబ్బిలిలో చల్లబడిన కుండ నౌపడలో ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: మాది బొబ్బిలి. పెళ్లయి సంతబొమ్మాళి మండలంలో నౌపడ దగ్గరి ఊరికి వచ్చాను. ఇక్కడ కొన్ని సంగతులు నాకు అంతుపట్టడం లేదు. బొబ్బిలిలో ఎండ ఎక్కువ, అయినా మా అమ్మ ఇంట్లో కుండ నీళ్లు పళ్లు జిల్లుమనేలా ఉండేవి. ఇక్కడ ఎండ తక్కువే. అదే కుండ వెంట తెచ్చుకున్నాను, నీళ్లు చల్లబడవు. కుండ మాత్రం చుట్టూ కారుతూ ఉంటుంది. కల్లుప్పు డబ్బాలో నీళ్లు ఊరుతున్నాయి. పెళ్లిలో పెట్టిన బుడితి ఇత్తడి చెంబులు పొద్దున చింతపండుతో తోమితే సాయంత్రానికి నల్లబడుతున్నాయి. జీడిపప్పు నాలుగు రోజులకే మెత్తబడిపోతోంది. ఇంకొకటి. మిగిలిన అన్నం పొడిగా మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి వాసన వస్తోంది. మా అత్తమ్మ అదే అన్నంలో నీళ్లు పోసి ఉంచితే బాగుంటోంది. తడి తగిలితే కదా ఏదైనా పాడవ్వాలి? కుండ ఉంచడం, ఉప్పు ఉంచడం కూడా చేతకాదని ఇంట్లో నా మీద వేళాకోళం. తప్పు నాదేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: తప్పు మీది కాదమ్మా. మీరు అడిగినవాటిలో చాలావాటికి మూలం సముద్రం మీంచి వచ్చే గాలిలోని తేమ. అన్నం సంగతి మాత్రం వేరు. అక్కడ మీ అత్తమ్మగారి పద్ధతే సరైనది, ఎందుకో కింద చెబుతాం.

ముందు కుండ. మట్టి గోడలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. లోపలి నీరు వాటిగుండా బయటి ముఖం మీదికి ఊరి, అక్కడ గాలికి ఆరిపోతుంది. ఆరడానికి వేడి కావాలి, ఆ వేడిని కుండలోంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీలు కావాలి. పది లీటర్ల నీటిని పది డిగ్రీలు చల్లార్చాలంటే తీసేయవలసింది లక్ష కేలరీలు. అంటే 170 గ్రాముల పైచిలుకు నీరు, ఒక గ్లాసుకు తక్కువే, ఆవిరైతే లెక్క సరిపోతుంది. బయటి వేడి కూడా గోడల్లోంచి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే ఖర్చవుతుంది. (తిండి పొట్లాల మీద వేసే కేలరీ దీనికి వెయ్యి రెట్లు. ఆ రెండూ కలిపి లెక్క తప్పకండి.)

ఇప్పుడు మీరు రాసిన మాటే చూడండి: “కుండ చుట్టూ కారుతూ ఉంటుంది.” జబ్బు అక్కడే ఉంది. చుక్కగా కిందికి జారిన నీరు వేడిని ఏమాత్రం తీసుకుపోదు. ఆవిరైన నీరే చల్లదనం ఇస్తుంది. బొబ్బిలిలో మీ అమ్మగారి కుండ బయటికి తడిగా కనబడినా పెద్దగా కారి ఉండదు. ఊరిన నీరు ఊరినట్టే ఆరిపోయేది. నౌపడలో గాలి అప్పటికే నీటితో నిండి ఉంటుంది, ఇంకా పుచ్చుకోవడానికి చోటు లేదు. అందుకని నీరు ఊరి, ఊరి, పళ్లెంలోకి దిగిపోతోంది. బాగా కారే కుండ బాగా చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. తీరం ఊళ్లలో అది సరిగ్గా తలకిందులు.

అంకెల్లో చెప్పాలంటే, తడి ఆరడం వల్ల ఏ వస్తువైనా ఎంతవరకు చల్లబడగలదో దానికి ఒక హద్దు ఉంది. గాలి 40 డిగ్రీలు, అందులో తేమ 30 శాతం అనుకోండి. ఆ హద్దు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 34 డిగ్రీలే, తేమ మాత్రం 75 శాతం అనుకోండి. హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆరు డిగ్రీలు తక్కువ ఎండ ఉన్న ఊళ్లో కుండ నీళ్లు నాలుగు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటాయి. కుండ ఎప్పుడూ హద్దు దాకా వెళ్లదు, దానికి రెండు మూడు డిగ్రీల పైనే ఆగుతుంది. పైగా 40 డిగ్రీల ఎండలోంచి వచ్చినవాళ్లకి 28 డిగ్రీల నీళ్లు తగిలితే జిల్లుమంటుంది. 34లో కూర్చున్నవాళ్లకి 32 అంటే గోరువెచ్చనే.

ఇంట్లో వాళ్లకి రుజువు చూపించాలంటే కష్టం లేదు. గది వేడి చూపించే మామూలు థర్మామీటరు ఒకటి తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 కిందికి దిగదు. నీడలో పది నిమిషాలు వేలాడదీసి అంకె రాసుకోండి. తర్వాత దాని మొన చుట్టూ పలుచని నూలు గుడ్డ ఒక చుట్టు చుట్టి, గది వేడికే ఉన్న నీళ్లలో తడిపి, ఫ్యాను గాలికి ఎదురుగా పెట్టండి. ఐదు నిమిషాల్లో అంకె దిగి ఒకచోట నిలబడుతుంది. అదే ఆ పూట హద్దు. కుండ నీళ్లు దానికి మూడు డిగ్రీల లోపు ఉంటే కుండ చేయగలిగిందంతా చేస్తోందని అర్థం. ఐదారు డిగ్రీలు పైన ఉంటే మాత్రం కుండలోనో, పెట్టిన చోటులోనో లోపముంది.

కుండలో లోపమంటే సాధారణంగా రంధ్రాలు పూడుకుపోవడం. బోరు నీళ్లలోని సున్నం, ఉప్పులు ఊరిన చోటే ఆరి తెల్లటి పొరగా పేరుకుంటాయి. కుండ ఖాళీ చేసి ఒక రోజంతా ఎండలో పెట్టి, బయటి వైపు ఒక చుక్క నీరు వేయండి. నాలుగైదు క్షణాల్లో పీల్చుకుంటే రంధ్రాలు తెరిచే ఉన్నాయి. చుక్క ముత్యంలా నిలబడితే మూసుకున్నట్టే. అప్పుడు ఒక వంతు వెనిగరుకి మూడు వంతుల నీళ్లు కలిపి, ఆ నీళ్లలో ముంచిన గుడ్డని కుండ చుట్టూ అరగంట చుట్టి ఉంచండి. వెనిగరు లేకపోతే చిక్కటి చింతపండు రసం. సున్నం ఉన్న చోట సన్నగా బుడగలు వస్తాయి. తర్వాత కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడిగి, రెండు మూడుసార్లు నీళ్లు నింపి పారబోయండి. సబ్బు మాత్రం ముట్టించకండి. రంధ్రాల్లోకి దూరిన సబ్బు వారం రోజుల దాకా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. అంగట్లో రంగు వేసిన కుండలు, కుళాయి పెట్టి మెరుగు పూసిన కుండలు దొరుకుతున్నాయి. అవి అందానికే. రంగు వేశారంటే రంధ్రాలు మూసినట్టే.

చోటు విషయానికొస్తే, వంటింటి మూల కుండకి అన్నిటికన్నా చెడ్డ చోటు. పొయ్యి మీంచి వచ్చే ఆవిరితో అక్కడి గాలిలో తేమ ఇంకా పెరుగుతుంది. మూడు కాళ్ల స్టాండు మీద, నాలుగు వైపులా గాలి తగిలేలా, నీడలో పెట్టండి. ఫ్యాను కింద పెడితే స్టీలు బిందెకి లాభమేమీ లేదు, చల్లటి నీళ్లున్న స్టీలు బిందె ఫ్యాను గాలికి ఇంకా తొందరగా వెచ్చబడుతుంది. కుండ మాత్రం ఫ్యాను గాలికి నిజంగానే చల్లబడుతుంది.

మీ ఊళ్లో అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం రాత్రిది. పొద్దుగూకాక కుండ నింపి, మూతి మీద పలుచని గుడ్డ కట్టి, గాలాడే వరండాలోనో డాబా మీదో వదిలేయండి. రాత్రి గాలే పగటికన్నా చల్లన కాబట్టి హద్దు కూడా దిగుతుంది. తెల్లవారేసరికి నీళ్లు పగలు ఎన్నడూ రాని చల్లదనంతో ఉంటాయి. వాటిని అప్పుడే స్టీలు బిందెలోకి వంపి, చుట్టూ పొడి గోనెపట్టానో పాత దుప్పటో చుట్టి ఉంచితే మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. తడి గోనె కాదు, పొడిదే. ఇక్కడ మీకు కావలసింది వేడిని లోపలికి రానివ్వకపోవడం.

వేసవిలో కొన్ని రోజులు సముద్రం గాలి ఆగిపోయి పడమటి గాలి కొడుతుంది. ఊరంతా కొలిమిలా ఉంటుంది, జనం తిట్టుకుంటారు. ఆ రోజు కుండ నీళ్లు ముట్టుకుని చూడండి. బొబ్బిలి నీళ్లే.

ఒళ్లు సంగతి మీరు అడగలేదు కానీ లెక్క ఒక్కటే కాబట్టి ఒక ముక్క. చెమట కూడా ఆరితేనే చల్లదనం, కారితే లేదు. అందుకే తీరంలో 34 డిగ్రీలకే ఉక్కపోతతో ప్రాణం పోతున్నట్టుంటుంది. పుట్టింటి నుంచి కూలరు తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి. కూలరు కూడా కుండ బాపతే, నీటిని ఆరబెట్టి చల్లబరుస్తుంది. గాలిలో చోటు లేని ఊళ్లో అది గదిని ఇంకా చెమ్మ చేయడం తప్ప చేసేదేమీ లేదు. కిటికీలు తెరిచి, ఒళ్లంతా తగిలేలా ఫ్యాను పెట్టుకోవడం దానికన్నా మేలు. తడి దుప్పట్లు కిటికీలకి వేలాడదీసే అలవాటు కూడా బొబ్బిలిలోనే వదిలేయండి.

ఉప్పు విషయంలో మీకు వేళాకోళం తగలడం అన్యాయం, ఎందుకంటే మీరున్నది ఉప్పు మళ్ల పక్కన. సముద్రపు నీటిని మళ్లలో ఎండబెట్టినప్పుడు మెగ్నీషియం లవణాలకన్నా ముందు గడ్డకట్టేది మనం తినే ఉప్పు, సోడియం క్లోరైడ్. మిగిలిన నీటిలో మెగ్నీషియం లవణాలు చిక్కబడతాయి. ఆ చేదు నీటిని రైతులు వంపేస్తారు, కానీ ప్రతి పలుకు మీదా పలుచగా కొంత అంటుకునే ఉంటుంది. ఇక్కడే తేడా వస్తుంది. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటేవరకు పొడిగానే ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడ్ అలా కాదు, తేమ 33 శాతం ఉంటే చాలు, గాలిలోంచి నీటిని గుంజుకుని తానే కరిగి ద్రవమైపోతుంది. డబ్బా అడుగున ఊరిన నీళ్లని వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా కన్నా చేదుగా ఉంటుంది. కరుగుతున్నది చాలావరకు ఉప్పు కాదు, దానికి అంటుకున్న మలినం.

కాబట్టి ఆ నీటిని డబ్బాలో నిలవనివ్వకుండా కారిపోనివ్వాలి. ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా మూతపెట్టి దాచేస్తే చేదు నీళ్లు అడుగునే ఉండి, పైనున్న ఉప్పుని కూడా నానబెడతాయి. కొత్త కల్లుప్పు తెచ్చినప్పుడు వెదురు బుట్టలోనో, అడుగున సన్న చిల్లులున్న మట్టి చట్టిలోనో పోసి, కింద పళ్లెం పెట్టి, పైన గుడ్డ కప్పి పది పదిహేను రోజులు వదిలేయండి. ముసురు రోజులైతే ఇంకా మంచిది, గాలిలోని తేమే మీకు ఉప్పుని కడిగిపెడుతుంది. ఐదు కిలోలు పోస్తే కొంత తరుగు తప్పదు. కారడం ఆగాక రెండు రోజులు మంచి ఎండలో ఆరబోసి, వేడి చల్లారాక పింగాణీ జాడీలోకి ఎత్తండి. వేడిగా ఉన్నప్పుడే మూతపెడితే లోపలే చెమ్మ పడుతుంది. ఇనుప, ఇత్తడి పాత్రలు వద్దు. పాత ఉప్పు మంచిదని పెద్దలు వెతికి కొనడంలో కిటుకు ఇదే, దానిలోని చేదంతా ఎప్పుడో కారిపోయి ఉంటుంది.

ఇంత చేసినా శ్రావణ భాద్రపదాల్లో, గాలిలో తేమ 75 దాటిన రోజుల్లో, శుద్ధమైన ఉప్పు కూడా కాస్త చెమరుస్తుంది. దానికి మందు లేదు. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే అలవాటుంది కదా, అది పని చేసేది కొన్నాళ్లే. గింజలు పీల్చగలిగినంత పీల్చాక ఊరికే ఉప్పులో ఉంటాయి. వేయించి చల్లార్చిన బియ్యం వేసి, పదిరోజులకొకసారి మారుస్తూ ఉంటేనే ఉపయోగం. పొట్లం ఉప్పు, అంటే అయోడిన్ కలిపినది, ఎండబెట్టడం గానీ మూకుట్లో వేయించడం గానీ చేయకండి. వేడికి, చెమ్మకి అయోడిన్ తగ్గిపోతుంది. దాన్ని చిన్న సీసాలో, పొయ్యికి దూరంగా, పొడి చెంచాతో వాడుకోవడమే.

ఆవకాయ పెట్టేవాళ్లు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. చెమ్మెక్కిన కల్లుప్పు కిలో తూచితే అందులో వంద గ్రాములు నీళ్లే ఉండొచ్చు. అమ్మ చెప్పిన కొలత ప్రకారమే వేశాను, అయినా బూజు పట్టిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఉప్పు తగ్గింది, నీరు పెరిగింది. తూచే ముందు కల్లుప్పుని దళసరి మూకుట్లో వేయించండి. పలుకుల లోపల చిక్కుకున్న ఉప్పునీరు ఆవిరై పగలగొట్టడం వల్ల చిటపటమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక దించి, చల్లార్చి, దంచి, అప్పుడు తూచండి.

జీడిపప్పుది చిన్న సంగతి. పలాస నుంచి మంచి పప్పే తెచ్చుకుని ఉంటారు. పప్పులో తేమ ఐదు శాతం దగ్గర ఉంటేనే కరకరలాడుతుంది, పొట్లం విప్పిన గంట నుంచే అది గాలితో సమానం కావడం మొదలుపెడుతుంది. నూనె వేయకుండా అడుగు మందంగా ఉన్న మూకుట్లో, సన్నని మంట మీద పది నిమిషాలు కదుపుతూ వెచ్చబెట్టి, పూర్తిగా చల్లారాక చిన్న చిన్న సీసాల్లో మూతిదాకా నింపండి. పెద్ద డబ్బాలో సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీలో ఉండేది చెమ్మ గాలే. అప్పడాలు, వడియాలకీ ఇదే వరస.

అన్నం దగ్గరికి వద్దాం. ఇక్కడ మీ తర్కం బాగానే ఉంది, మొదటి మెట్టు మాత్రమే తప్పింది. పొడిగా మూతపెట్టిన అన్నం పొడిది కాదు. ఉడికిన అన్నంలో సగానికి పైగా నీరే. సూక్ష్మజీవులకి అంతకన్నా ఏం కావాలి? మూతపెట్టిన ముద్ద నడిమి భాగం గంటలకొద్దీ వెచ్చగా ఉంటుంది, మీ ఊళ్లో రాత్రి గాలి కూడా దాన్ని చల్లార్చేంత చల్లన కాదు. బియ్యంతో పాటు పొలం నుంచి వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాలు ఉడకబెట్టినా చావవు. అన్నం వెచ్చగా ఉండగా అవి మొలకెత్తి పెరుగుతాయి. అవి విడుదల చేసే విషాల్లో ఒకదానికి వేడి అంటే లెక్కే లేదు. ప్రెషర్ కుక్కరు వేడిలో కూడా అది విరగదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర కలిపినా, నూనెలో బాగా వేయించినా, ఆ విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే చాలాసార్లు ఇదే కారణం. వాసన రాలేదు కాబట్టి పర్వాలేదు అనుకోవడం కూడా తప్పు. వాసన పుట్టించేవి వేరే జీవులు, అవి ఆలస్యంగా రావచ్చు.

మీ అత్తమ్మగారు నీళ్లు పోయగానే మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. అన్నం వేడి చప్పున దిగిపోతుంది. మెతుకులకి గాలి అందదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలో పాలు తోడుకునే జాతి బాక్టీరియా పెరిగి పులుపు పుట్టిస్తాయి. పులుపు ఒక మేరకి చేరాక, అంటే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నాలుగున్నర చుట్టుపక్కలకి దిగాక, ఇందాక చెప్పిన బాక్టీరియా పెరగలేదు. చోడి (రాగుల) అంబలి పులియబెట్టినా ఇదే కథ. అయితే నీళ్లు పోసిన క్షణంలోనే పులుపు రాదు, కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలే ప్రమాదం. తరవాణి, అంటే పులిసిన గంజి, కుండ ఉన్న ఇళ్లలో ఆ చిక్కు ఉండదు, ఎందుకంటే పాత తరవాణి కలిపితే మొదటి నిమిషం నుంచే పులుపు సిద్ధం. ఆవిడ గరిటెడు తరవాణి కలుపుతున్నారేమో గమనించండి. ఖాయంగా కలుపుతూనే ఉంటారు.

మీరు చేయాలనుకుంటే ఇలా చేయండి. వండిన గంటలోపు మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చండి. కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మీద రెండు అంగుళాలు నిలిచేలా పోయండి. ఒక గ్లాసు బియ్యం అన్నానికి ఒక గరిటెడు పాత తరవాణి, అది లేకపోతే పుల్ల మజ్జిగ నాలుగు చెంచాలు కలపండి. మట్టి చట్టిలోనో గాజు, పింగాణీ గిన్నెలోనో పెట్టి గుడ్డ కట్టండి. ఉప్పు తినేముందే. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మాకు చిదిమి వేసుకుని తింటే మీ అత్తమ్మగారికి వంక దొరకదు. రాత్రి పదిదాకా గిన్నెలో ఊరికే వదిలేసి, పడుకోబోతూ నీళ్లు పోస్తే మాత్రం ఈ పద్ధతి రక్షించదు. విషం అప్పటికే పుట్టి ఉంటే పులుపు దాన్ని ఏమీ చేయదు. చంటిపిల్లలకి, గర్భిణులకి, జబ్బు మనుషులకి ఎప్పటికప్పుడు వండినదే పెట్టండి. ఫ్రిజ్ ఉంటే రెండు గంటలలోపు పలుచని గిన్నెలో లోపల పెట్టి, మర్నాడే తినేయాలి.

తరవాణి కుండ కొత్తగా పెట్టుకోవాలంటే, ఉడికిన గంజి రెండు లీటర్లు చల్లార్చి, పిడికెడు అన్నం మెతుకులు, తెలిసినవాళ్ల ఇంటి నుంచి ఒక గ్లాసు తరవాణి కలిపి, నీడలో వదిలేయండి. ఎండాకాలం రెండో రోజుకి, చలికాలం నాలుగో రోజుకి పుల్లటి వాసన వస్తుంది. రోజూ తీసుకున్నంత గంజి మళ్లీ పోస్తూ ఉండాలి. వారానికొకసారి తేటని వేరే గిన్నెలోకి వంపి, కుండని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. పైన తెల్లటి పలుచని తెట్టు కడితే తీసేసి వాడుకోవచ్చు, కుండ కడగవలసిన రోజు దాటిందని అర్థం. గులాబీ, నలుపు, పచ్చ రంగు నూగు కనిపించినా, గరిటె ఎత్తితే తీగలా సాగినా, పులుపు కాకుండా కుళ్లు వాసన వచ్చినా, ఆలోచించకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

ఈ తరవాణిని, మజ్జిగని, చింతపండు పులుసుని కళాయి (తగరం పూత) లేని ఇత్తడి గిన్నెల్లో పోయకూడదు. పులుపుకి రాగి, జింకు కరిగి తిండిలోకి వస్తాయి, కడుపులో తిప్పుతుంది. అల్యూమినియం గిన్నెలు కూడా పులుపుకి పనికిరావు.

ఇక మీ బుడితి చెంబులు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. గాలి తగిలి పైన పట్టిన పొరని చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కరిగిస్తుంది, కింది మెరుపు బయటపడుతుంది. కానీ ఒట్టి నీళ్లతో కడిగితే ఆమ్లం నక్షీల్లో, అంచుల్లో కొంత మిగిలిపోతుంది. దానికి చెమ్మ తోడైతే సాయంత్రానికి మళ్లీ పొర కడుతుంది. చాలామంది చింతపండుకి ఉప్పు కూడా కలిపి రుద్దుతారు. మెరుపు తొందరగా వస్తుంది, నలుపూ అంతే తొందరగా వస్తుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడు ఇత్తడిని తినేస్తుంది. మీ ఊరి గాలిలోనే ఉప్పు ఉంది, మీరు ఇంకా కలపకండి.

నిమ్మకాయంత చింతపండుని వేడినీళ్లలో నానబెట్టి, గుజ్జు రాసి రెండు మూడు నిమిషాలు మాత్రమే ఉంచండి. గంటసేపు వదిలేస్తే అక్కడక్కడా ఎర్రటి మచ్చలు తేలతాయి. అది మురికి కాదు, పైపొరలో జింకు కరిగిపోయి మిగిలిన రాగి. ఎంత తోమితే అంత పెరుగుతుంది. పీచుతో మెల్లగా రుద్ది కడిగాక, లీటరు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి అందులో ఒకసారి ముంచండి, మిగిలిన పులుపు విరిగిపోతుంది. సోడా లేకపోతే జల్లెడ పట్టిన కట్టెల బూడిద చాలు. మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఆరేదాకా ఆగకుండా వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఐదు నిమిషాలు ఎండలో పెట్టండి. అలంకారానికి ఉంచేవైతే ఒక చుక్క కొబ్బరినూనె గుడ్డకి రాసి పైపైన తుడవండి, పది పదిహేను రోజులు నిలుస్తుంది. కొత్త వస్తువుల మీద మెరుపు పోకుండా పలుచని పూత పూసి అమ్ముతుంటారు. అలాంటివాటికి చింతపండు తగిలించకండి, పూత మచ్చలుగా ఊడిపోతుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

వండుకునే ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి ఉందో లేదో చూసుకోండి. వెండిలా తెల్లగా ఉండాలి, పసుపు మచ్చలు తేలితే మళ్లీ వేయించాలి. కళాయి అంటే తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెని గ్యాసు మంట మీద పెట్టి మరిచిపోయినా, అందులో పోపు వేయించినా ఆ వేడి దాటిపోతుంది, తగరం చారలుగా జారి ఒక పక్కకి చేరుతుంది. నీళ్లో, పప్పో పోశాకే పొయ్యి వెలిగించండి. పోపు ఇనుప గరిటెలో వేసి పైన పోయండి. లోపల స్టీలు పీచు వాడకండి. కళాయి వేసేవాళ్లు వచ్చినప్పుడు గిన్నె వేడిచేసి నవసాగరం చల్లి, పొర శుభ్రమయ్యాక తగరాన్ని దూదితో చుట్టూ తిప్పి పూస్తారు. ఆ తెల్లటి పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపు నిలబడండి. గిన్నె ఇంటికి తెచ్చాక మొదట ఒకసారి నీళ్లు మరిగించి పారబోసి, ఆ తర్వాతే వంటకి వాడండి.